స్పీకర్లు మార్చినా మాట అందలేదు: ఒక పర్లాకిమిడి హెల్మెట్ ఇంటర్‌కమ్ కేసు

బండి నడుపుతూ ఇంకో బండివాడితో మాట్లాడుకోడానికి, పాటలు వినడానికి హెల్మెట్‌కి బిగించుకునే బ్లూటూత్ ఇంటర్‌కమ్‌లో సౌండు బాగోలేదని మా రిపేరు దుకాణానికి వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో అప్పటికే కొత్త స్పీకర్ల పొట్లం ఉంటుంది. "ఇవి బిగించండి చాలు" అంటారు. ఈ కేసులో ఆ పని కూడా అయిపోయింది. కొత్త స్పీకర్లు కొన్నారు, ఇంకోచోట బిగించుకున్నారు, సౌండు మునుపటికన్నా తగ్గింది, అప్పుడు బరంపురంలో మా దగ్గరికి వచ్చారు. ఒకే హెల్మెట్‌లో ఇన్ని తప్పులు కలిసి దొరకడం అరుదు. అందుకే చేసిన పనంతా వరసగా రాస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: చిన్న స్పీకరు బాగా పలికేదీ పలకనిదీ దానికీ చెవికీ మధ్య ఉన్న ఖాళీ మీద ఆధారపడి ఉంటుంది. స్పీకరు ధర తర్వాతి సంగతి.

వచ్చిన ఫిర్యాదు

ఆయన మెడికల్ రిప్రజెంటేటివ్. ఇల్లు పర్లాకిమిడి. వారంలో సగం రోజులు బండి మీదే. ఒకసారి ఆర్.ఉదయగిరి, మోహన మీదుగా కొండదారి పడతారు, ఇంకోసారి పలాస దిగి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం, బరంపురం. వెనక ఇంకో బండి మీద బావమరిది వస్తాడు. అతనిదీ అదే కంపెనీ ఉద్యోగం, అదే రకం ఇంటర్‌కమ్. ఆ కొండదారిలోని తప్తపాణి ఘాట్ మలుపుల్లో ముందున్నవాడు "లారీ వస్తోంది, ఎడమకి ఆగు" అంటే వెనకవాడికి ఆ క్షణంలోనే అందాలి. వీళ్ళు ఇంటర్‌కమ్ కొన్నది అందుకే. పాటలు తర్వాత వచ్చి చేరాయి.

ఆయన మాటల్లోనే ఫిర్యాదు ఇది: "బేసూ గీసూ ఏటీ నేదు బావూ. బండి ఆపితే పర్లేదు. అరవై దాటితే ఉస్సుమని గాలే. మా బావమరిది ఇరవై అంటే నాకు అరవై అని ఇనిపిస్తంది. పాట బాగానే వస్తాది గానీ వాడు లైన్లోకొచ్చాడంటే పాట కూడా పాత ఫోన్లో ఇన్నట్టు అయిపోతాది. ఎడమ పక్క మరీ తక్కువ."

ఇది వినడానికి ఒకటే గోడు. పని చేసేవాడికి ఇందులో నాలుగు వేరువేరు జబ్బులున్నాయి. ఆపినప్పుడు కూడా బేస్ లేదంటే అది అమరిక సంగతి. వేగంలో మాట చెడితే గాలి, లేదా అవతలివాడి మైకు. లైన్లోకి రాగానే పాట చెడితే అది బ్లూటూత్. ఒక పక్క తక్కువైతే వైరో, కోణమో. ఈ నాలుగూ విడదీసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుంటే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

హెల్మెట్ ఫుల్‌ఫేస్, ఐఎస్ఐ మార్కు ఉన్నదే. చెవుల దగ్గర థర్మకోల్‌లో స్పీకర్ల కోసం గుండ్రటి గుంటలు కంపెనీవాళ్ళే ఇచ్చారు. యూనిట్ ఎడమవైపు క్లాంపుతో బిగించి ఉంది. ఇంటర్‌కమ్‌తో వచ్చిన అసలు స్పీకర్లు 40 మి.మీ.వి. వాటిని తీసి ఆన్‌లైన్లో కొన్న ఇంకో జత 40 మి.మీ. స్పీకర్లు వేయించుకున్నారు. అదృష్టం, పాతవి పారేయలేదు. జేబులో రబ్బరుబ్యాండు చుట్టి తెచ్చారు.

బల్ల మీద

ముందు మల్టీమీటరు. కొత్త స్పీకర్ల డీసీ రెసిస్టెన్స్ 57, 58 ఓంలు చూపించింది. మీటరు అసలు అంకెకన్నా కొంచెం తక్కువే చూపిస్తుంది, అంటే ఇవి 64 ఓంల రకం. పాతవి 29 దగ్గర, అంటే 32 ఓంలవి. గుట్టు సగం ఇక్కడే బయటపడింది.

ఇంటర్‌కమ్‌లోని ఆంప్లిఫయర్ చిన్న బ్యాటరీ మీద నడుస్తుంది. అది ఇవ్వగల ఓల్టేజికి ఒక హద్దుంది. అది 1 ఓల్టు అనుకుందాం. 32 ఓంల స్పీకరుకి 31 మిల్లీవాట్లు వెళ్తుంది. 64 ఓంల దానికి 16 కూడా వెళ్ళదు. సగానికి సగం పోయినట్టే, అంటే సౌండు కొలిచే డెసిబెల్ లెక్కలో 3 డీబీ. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందనేది, ఒకటే అయిన రెండు స్పీకర్లలో ఓంలు ఎక్కువున్నది ఇక్కడ మెల్లగానే పలుకుతుంది. ఆ జత చెడ్డ సరుకేమీ కాదు. ఇంట్లో గట్టి ఆంప్లిఫయర్‌కి పెట్టుకునే హెడ్‌ఫోనులో దర్జాగా పాడుతుంది. ఈ యూనిట్‌కి మాత్రం అతకదు. పోనీ 16 ఓంలవి వేద్దామా అంటే కరెంటు రెట్టింపు లాగుతుంది. యూనిట్ దానికి తట్టుకోకపోతే గట్టిగా పెట్టినప్పుడు గరగరమంటుంది, బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. యూనిట్‌తో ఎన్ని ఓంలవి వచ్చాయో అన్ని ఓంలవే వేయాలి. మా బల్ల దగ్గర దీనికి మినహాయింపు లేదు.

తర్వాత పోలారిటీ, అంటే ప్లస్, మైనస్ తీగలు తిరగబడకుండా ఉన్నాయా అని. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు, గోడ గడియారంలోంచి తీసిన 1.5 ఓల్టుల సెల్లు చాలు. స్పీకరు రెండు తీగల్నీ సెల్లుకి ఒక్క క్షణం తాకించి వదిలేయాలి. టక్కుమని స్పీకరులో సౌండు పుట్టించే పల్చటి పొర ముందుకో వెనక్కో కదులుతుంది. జాలీ మీద లైటు పక్కనుంచి పడేట్టు పట్టుకుంటే కంటికి కనిపిస్తుంది. సెల్లు పాజిటివ్‌ని జాక్‌లో ఎడమ చుట్టుకి తాకిస్తే ఎడమ పొర ముందుకొచ్చింది. కుడి చుట్టుకి తాకిస్తే కుడి పొర వెనక్కెళ్ళింది. బిగించిన చోట కుడిపక్క తీగలు తిరగబడ్డాయన్నమాట. హెల్మెట్‌లో రెండు చెవులూ వేరువేరుగా ఉంటాయి కాబట్టి రెండు సౌండ్లూ గదిలోలాగా ఒకదాన్నొకటి చంపుకోవు. కానీ గొంతు తల మధ్యలో వినపడాల్సింది పోయి రెండు పక్కలకీ చీలిపోయి, ఎక్కడా నిలవనట్టు ఉంటుంది. "వాడు ఎక్కడినుంచో మాట్లాడతన్నట్టుంటాది" అని ఆయన అన్నది దీని గురించే.

తీగలు కోసి అతికేవాళ్ళకి ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని యూనిట్లలో రెండు స్పీకర్లకీ నెగిటివ్ ఒకటే. కొన్నింట్లో ఎడమకి రెండు, కుడికి రెండు, వేరువేరుగా నాలుగు తీగలొస్తాయి, వాటిలో ఏదీ గ్రౌండ్, అంటే బ్యాటరీ నెగిటివ్, కాదు. అలాంటిదానికి మామూలు మూడు చుట్ల 3.5 మి.మీ. జాక్ వేసి రెండు నెగిటివ్‌లూ కలిపేస్తే ఆంప్లిఫయర్ ఐసీ వేడెక్కి పోతుంది. యూనిట్ ఆన్ చేసి, పాట లేకుండా, ఒక్కొక్క తీగకీ బ్యాటరీ నెగిటివ్‌కీ మధ్య డీసీ ఓల్టేజి చూడండి. నాలుగింటి మీదా బ్యాటరీలో సగం దగ్గర చూపిస్తే వాటిని కలపకూడదు. ఈ యూనిట్‌లో నెగిటివ్ ఒకటే కాబట్టి గొడవ లేకపోయింది.

స్పీకరు తీగలు సన్నటి రాగి పోగులు, మీద లక్క పూత. సోల్డరింగ్ ఐరన్ తగిలించి లెడ్ (సోల్డర్) పెట్టగానే అంటుకున్నట్టు కనిపిస్తుంది, లోపల పూత కాలదు. సోల్డరింగ్ పేస్టులో ముంచి, లెడ్ బొట్టులో కొసని రెండు మూడు క్షణాలు ఉంచితే పూత కాలి తెల్లగా తళుక్కుమంటుంది, అప్పుడే పట్టినట్టు. పాత స్పీకర్లే తిరిగి వేశాను. జాక్ పిన్నుల మీద పచ్చటి తుప్పు పట్టి ఉంది. మా వైపు సముద్రపు గాలికి, హెల్మెట్‌లో చెమటకి ఇది మామూలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అతుకుల మీద వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ స్లీవు వేశాను.

సౌండు కొంత పెరిగింది. బేస్ మాత్రం అలాగే ఉంది.

చెవి ఒక చోట, స్పీకరు ఒక చోట

అసలు పని ఇక్కడ మొదలైంది. 40 మి.మీ. పొర ముందుకి గాలిని నెట్టినప్పుడు దాని వెనక గాలి పలచబడుతుంది. చుట్టూ ఖాళీ ఉంటే ముందు గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది, రెండూ రద్దవుతాయి. కీచు స్వరాల అలలు పొట్టివి కాబట్టి తప్పించుకుంటాయి. లావు స్వరాల, అంటే బేస్, అలలు పొడుగు, 100 హెర్ట్జ్ (సెకనుకి 100 ఊపులు) దగ్గర ఒక్క అల 3.4 మీటర్లు. అవే ముందు పోతాయి. అదే స్పీకర్ని చెవికి దగ్గరగా తెచ్చి చుట్టూ మెత్తటి గట్టు కడితే గాలికి తప్పించుకునే దారి ఉండదు, ఒత్తిడంతా చెవి రంధ్రంలోకే వెళ్తుంది. హెడ్‌ఫోన్ కప్పు చేసేది అదే. హెల్మెట్‌లో ఆ కప్పు ఉండదు, మనమే కట్టుకోవాలి.

దూరం సంగతి ఇంకా కఠినం. స్పీకరుకీ చెవికీ ఎడం రెట్టింపైతే 6 డీబీ దాకా పోవచ్చు. పోయిన 6 డీబీని ఆంప్లిఫయర్‌తో తిరిగి తేవాలంటే 4 రెట్ల పవర్ కావాలి. అది ఈ చిన్న యూనిట్ దగ్గర ఎక్కడుంది? ఒక్క సెంటీమీటరు స్పాంజి చేసే పనిని ఏ ఖరీదైన స్పీకరూ చేయలేదని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఎడం ఎంతుందో కంటితో చెప్పలేం. హెల్మెట్ తొడిగాక లోపలికి చూపు పోదు. మా పద్ధతి గోధుమపిండి ముద్ద. చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా కలిపి, ఉసిరికాయంత ముద్దని పల్చటి ప్లాస్టిక్‌లో చుట్టి స్పీకరు జాలీ మీద టేపుతో అతికిస్తాం. పట్టీలు రెండూ బయటికి లాగి పట్టుకుని హెల్మెట్ నెమ్మదిగా తొడగమంటాం. ఒక నిమిషం ఉంచి, అలాగే పట్టీలు లాగి తీయమంటాం. ముద్ద ఎంత మందానికి నలిగిందో వెర్నియర్‌తో కొలిస్తే అదే చెవికీ స్పీకరుకీ ఎడం. ఆయనకి కుడివైపు 14 మి.మీ., ఎడమవైపు 17 వచ్చింది. 5 లోపల ఉండాలి.

లోతు తెలిశాక, పక్కకి ఎంత జరిగి ఉందో చూడాలి. చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె మీద టూత్‌పేస్టు చుక్క పెట్టి మళ్ళీ తొడగమన్నాను. తొడిగేటప్పుడు చెవి రాసుకుంటూ పైకెళ్తుంది కాబట్టి లైనింగ్ మీద చుక్క పడదు, గీత పడుతుంది. ఆ గీత ఎక్కడ ఆగిందో అక్కడ చెవి కుదురుకుందని అర్థం. గీత ఆగిన చోటికీ స్పీకరు నడిబొడ్డుకీ రెండు సెంటీమీటర్ల తేడా ఉంది. స్పీకరు కిందకీ వెనక్కీ ఉంది. అంటే ఇన్నాళ్ళూ అది ఆయన చెవి తమ్మెకి పాటలు వినిపిస్తోంది.

ఇది ఈ ఒక్క హెల్మెట్ జబ్బు కాదు. కంపెనీ ఇచ్చే గుంట సగటు తలకి లెక్కేసి పెట్టింది. నేను చూసిన తలల్లో చాలావాటికి చెవి ఆ గుంటకి పైన, కాస్త ముందుకి ఉంటుంది. గుంట ఉంది కదా అని కళ్ళు మూసుకుని అందులో స్పీకరు పెట్టేస్తే ట్రెబుల్, అంటే కీచు స్వరాలు, పోతుంది. 8 కిలోహెర్ట్జ్ దగ్గర అల పొడుగు 4 సెంటీమీటర్లు, దాదాపు స్పీకరు వెడల్పంత. ఆ స్వరాలు టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే వెళ్తాయి, పక్కకి పరుచుకోవు. మన మాటలో స, శ, ట, క లాంటి హల్లుల పదును 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది. అవి తప్పిపోతే గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు.

ఎడమవైపు తక్కువ రావడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. మిగిలిన తీగంతా చుట్టచుట్టి ఎడమ స్పీకరు వెనక గుంటలో కుక్కారు. దాంతో స్పీకరు ఒక పక్కకి ఒరిగి, మొహం మెడ వైపు తిరిగి ఉంది. వైరులో లోపం లేదు, స్పీకరులో లోపం లేదు. పైగా రెండు స్పీకర్లనీ లైనింగ్ గుడ్డకి వెనకాల పెట్టారు. ఆ గుడ్డకి వెనకవైపు స్పాంజి పొర అతికి ఉంటుంది, అది చెమట తాగి తడిసిందంటే కీచు స్వరాలన్నీ అందులోనే ఆగిపోతాయి.

చేసింది ఇదీ. తీగ చుట్టని తీసి చీక్‌ప్యాడ్ (చెంపకి ఆనే మెత్త) అడుగున, మెడవైపు అంచు వెంట పరిచాను. స్పీకర్లని లైనింగ్ ముందుకి తెచ్చి, వెల్క్రోతో రెండు సెంటీమీటర్లు పైకీ ముందుకీ జరిపాను. కొంత భాగం గుంట మీద, కొంత గుంట అంచు మీద కూర్చుంది కాబట్టి వంకర రాకుండా వెనక స్పాంజి ముక్కలు పెట్టి సమం చేశాను. తర్వాత గట్టు. బళ్ళో పిల్లల ప్రాజెక్టులకి స్టేషనరీ కొట్లో రంగురంగుల ఫోమ్ షీట్లు అమ్ముతారు, ఆ ఈవీఏ షీటే. నీళ్ళు పీల్చదు, గాలి దూరదు. మామూలు పసుపు స్పాంజి దీనికి పనికిరాదు, గాలి దాని లోంచే కారిపోతుంది. 36 మి.మీ. రంధ్రం, 60 మి.మీ. బయటి చుట్టు, 5 మి.మీ. మందం. చెవికి తగిలే అంచుని బ్లేడుతో వాలుగా చెక్కాను. మీద పాత బనీను గుడ్డ ఒక్క పొర. జాలీకి ఎదురుగా ఆ ఒక్క పొర తప్ప ఇంకేమీ లేదు.

గట్టు చెవికి తగిలీ తగలనట్టు ఉండాలి. గట్టిగా ఆనితే సౌండు ఇంకా బాగుంటుంది నిజమే, కానీ అరగంటకి చెవి మంటెక్కి హెల్మెట్ విసిరేయబుద్ధవుతుంది. ఆయన్ని హెల్మెట్ తొడుక్కుని దుకాణంలోనే కూచోమన్నాను. మా ఆవిడ టీ తెచ్చి, ఫుల్‌ఫేస్ హెల్మెట్ పెట్టుకుని కూచున్న మనిషిని చూసి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడిపోయింది. అరగంట తర్వాత కుడి చెవి పైఅంచు నొప్పెడుతోందన్నారు. ఆ వైపు గట్టు ఒక మిల్లీమీటరు తగ్గించాను. రెండోసారి పిండి ముద్ద పెడితే రెండు వైపులా 4, 5 మధ్య వచ్చింది.

చాలామంది అడిగేది, "థర్మకోల్ కొంచెం తవ్వేస్తే పని సులువు కదా?" అని. తవ్వకూడదు. ఆ థర్మకోల్ మందమే దెబ్బని మింగేది. హెల్మెట్లకున్న భారత ప్రమాణం ఐఎస్ 4151 ప్రకారం పరీక్ష చేసింది ఆ మందంతోనే. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. మార్కున్నది కొని లోపల చాకు పెడితే ఆ మార్కుకి అర్థం లేదు. మందం ఎక్కువున్న స్పీకరు గుంటలో పట్టకపోతే పల్చటి స్పీకరు చూసుకోండి, గుంట పెంచకండి.

ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, వాల్యూం కదపకుండా, స్వరం కిందకి దించుకుంటూ వచ్చాం. పాత స్పీకర్లు తిరిగి వేశాక, వాటిని జరపకముందు 250 హెర్ట్జ్ కిందకి ఆయనకి ఏమీ వినపడేది కాదు. ఇప్పుడు 120 దాకా వినపడింది. అవే పాత స్పీకర్లు, అదే యూనిట్.

రోడ్డు మీద

బండి ఆపి వినే సౌండు సగం పరీక్షే. బావమరిదిని కూడా పిలిపించి హైవే మీదకి వెళ్ళాం. మాట పరీక్షకి మన అంకెలకన్నా మంచి సరంజామా లేదు. ఇరవై, అరవై. డెబ్భై, తొంభై. యాభై, ఎనభై. జతలో రెండింటి తోకా ఒకటే, తేడా తల దగ్గరే. వెనకవాడు వరస తప్పించి చదువుతాడు, ముందున్నాయన తిరిగి చెబుతాడు. 60 వేగంలో బాగానే నడిచింది. 80కి వచ్చేసరికి మళ్ళీ తడబాటు, గాలి రొద.

ఇక్కడ చాలామంది తిరిగి స్పీకరు మీద పడతారు. ముందు ఆ రొద ఎవరిదో తేల్చుకోవాలి. బావమరిదిని రోడ్డు పక్కన బండి ఆపి మాట్లాడమన్నాను, ఈయన్ని అదే 80లో రేంజి దాటకుండా కొంత దూరం పొమ్మన్నాను. మాట గాజులా స్పష్టంగా వచ్చింది. అంటే ఈయన చెవిలోని రొదలో పెద్ద భాగం బావమరిది మైకు మోసుకొచ్చిన గాలి! వెళ్ళి చూస్తే అతని మైకు మీది స్పాంజి టోపీ ఎప్పుడో ఊడిపోయింది. మైకుని గడ్డం దగ్గరి గాలి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా అతికించారు. పైగా తిరగేసి ఉంది. ఇలాంటి చాలా మైకులకి ఒక పక్క చుక్కో బాణమో ఉంటుంది, అది పెదాల వైపుండాలి. రెండో పక్క రంధ్రం రొదని తీసేయడానికి. తిరగేస్తే అది మాటనే తీసేస్తుంది.

మైకుని రంధ్రం నుంచి పక్కకి జరిపి, చుక్క నోటివైపు తిప్పి, కొత్త టోపీ తొడిగాం. అతని హెల్మెట్‌లో పది నిమిషాల పని, లాభం ఈయన చెవిలో. "నీ వల్ల నేను రెండు జతల స్పీకర్ల మధ్య నలిగిపోయాన్రా" అని ఈయన, "నాకేటి తెలుసు బావా, నువ్వెప్పుడూ నా మైకు బాగోలేదనలేదు గదా" అని అతను.

పాట ఫోనులా మారడం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దానికి నేను చేయగలిగింది తక్కువ. ఈ రకం యూనిట్లలో పాట ఒక బ్లూటూత్ దారిలో వస్తుంది, దాని పేరు ఏటూడీపీ, స్టీరియో, నిండైన సౌండు. మాట ఇంకో దారిలో, హెచ్‌ఎఫ్‌పీలో వస్తుంది. పాత సీవీఎస్‌డీ పద్ధతిలో సెకనుకి 8 వేల సౌండు నమూనాలే, స్వరం అందులో సగం దాకానే పడుతుంది కాబట్టి 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. 2011లో వచ్చిన హెచ్‌ఎఫ్‌పీ 1.6తో ఎంఎస్‌బీసీ అనే మెరుగైన పద్ధతి చేరింది, 16 వేల నమూనాలు. రెండు వైపులా దానికి సపోర్టుంటేనే అది పని చేస్తుంది. ఈయనా బావమరిదీ ఇంటర్‌కమ్‌ని ఫోన్ కాల్ తరహాలో జత చేసుకున్నారు. దాంతో లైను తెరవగానే పాట కూడా ఆ ఇరుకు దారిలోనే పోతోంది. రెండూ ఒకే రకం యూనిట్లు కాబట్టి ఆ జత తీసేసి, కంపెనీ సొంత ఇంటర్‌కమ్ పద్ధతిలో మళ్ళీ జత చేశాం. ఇప్పుడు మాట మొదలైతే పాట తగ్గుతుంది, దాని క్వాలిటీ మాత్రం మారదు.

ఏ స్వరాలు ఎంత గట్టిగా రావాలో ఫోనులో సర్దుకునే ఈక్వలైజర్ విషయంలో ఆయన బేస్ బూస్ట్ పూర్తిగా పైకి పెట్టుకుని ఉన్నారు. అది తీయించాను. 80 వేగంలో హెల్మెట్ లోపలి గాలి రొదలో ఎక్కువ బలం 500 హెర్ట్జ్ కిందే ఉంటుంది. ఆ రొదని బేస్‌తో గెలవడం ఈ స్పీకర్ల వల్ల కాదు. ఉన్న పవరంతా అక్కడ తగలేస్తే పొర అదిరి మాట గరగరమంటుంది. 120 కింద కోసేసి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 3, 4 డీబీ లేపాం. ఇది ఫోన్ పాటలకే వర్తిస్తుంది. బావమరిది గొంతు యూనిట్ నుంచి యూనిట్‌కి వస్తుంది కాబట్టి ఫోనులో ఈక్వలైజర్ దాన్ని తాకదు. ఇంకోటి, ఫోన్ వాల్యూం సగంలో ఉంచి యూనిట్ వాల్యూం చివరిదాకా పెట్టే అలవాటు మంచిది కాదు. ఫోను దాదాపు పూర్తిగా పెట్టి, యూనిట్ దగ్గర తగ్గించుకోవాలి.

గాలి, చెవి

చివరికి మిగిలింది ఈయన సొంత గాలి. 80 నుంచి 100 వేగంలో హెల్మెట్ లోపల రొద 90 డీబీ దాటి 100 దాకా వెళ్ళడం మామూలు. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ పెట్టిన లెక్కలో 85 డీబీకి 8 గంటలు హద్దు. 3 డీబీ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 94 దగ్గర 1 గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ఆ రొదకి పైన ఇంకా గట్టిగా ఇంటర్‌కమ్ పెట్టుకుని పలాస నుంచి బరంపురం దాకా వచ్చే మనిషికి సాయంత్రం చెవిలో జోరీగ వాలినట్టు గుయ్యిమంటుంది. అడిగితే, రోజూ ఉంటుందనే అన్నారు. అలవాటైపోయిందట! సౌండు క్వాలిటీ గురించి వచ్చిన కేసులో నాకు నిజంగా భయమేసింది ఈ మాటకే.

ఫ్యాక్టరీ సేఫ్టీ సామాను అమ్మేచోట నురగ ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి, చాలా చవక. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో అర నిమిషం పట్టుకోవాలి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టనట్టే. సరిగ్గా పెడితే గాలి, మాట రెండూ తగ్గుతాయి. అప్పుడు మాట ఎలా వినపడుతుందని ఆయన నమ్మలేదు. విపరీతమైన రొదలో చెవి హల్లుల్ని విడదీయలేదు. మొత్తం మీద మట్టం దించితే రొదకీ మాటకీ నిష్పత్తి అలాగే ఉంటుంది గానీ చెవి తన పని తాను చేయగలుగుతుంది. ప్లగ్గు కీచు స్వరాల్ని కాస్త ఎక్కువ మింగుతుంది కాబట్టి 2 కిలోహెర్ట్జ్ పైన లేపుకోవడం ఇక్కడ ఇంకా అక్కరకొస్తుంది. హారన్లు కూడా వినపడతాయి, తగ్గి వినపడతాయి అంతే. చెవి లోపల దూర్చే ఇయర్‌ఫోనులు పెట్టుకుని హెల్మెట్ తొడగడం కన్నా ఇదే నాకు నచ్చుతుంది. తొడిగేటప్పుడు అవి లాక్కుపోతాయి, పాట గట్టిగా పెడితే లారీ హారన్ కూడా వాటి కింద పడిపోతుంది.

హెల్మెట్ కింద గడ్డం దగ్గర ఖాళీకి గుడ్డ కర్టెన్ ఒకటి వేశాం, మెడ దగ్గర పల్చటి మఫ్లర్. గాలి ఎక్కువగా దూరేది కిందినుంచే. బండి ముందు ఎత్తయిన విండ్‌స్క్రీన్ ఉంది. 80లో ఖాళీ రోడ్డు మీద ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచి నిలబడమన్నాను. నిలబడగానే రొద తగ్గింది, కూర్చోగానే పెరిగింది. అంటే స్క్రీన్ పైఅంచు దగ్గర విరిగిన గాలి సరిగ్గా హెల్మెట్ మీద పడి కొడుతోంది. స్క్రీన్ తీసేస్తే లేదా ఎత్తు తగ్గిస్తే రొద ఇంకా తగ్గుతుంది. ఆయన ఒప్పుకోలేదు. సాయంత్రం మోహన రోడ్డులో పురుగులు మొహాన కొడతాయని, వానలో స్క్రీనే దిక్కని అన్నారు. ఆ రోడ్డులో రోజూ తిరిగే మనిషికి తెలిసినంత నాకు తెలీదు, ఊరుకున్నాను.

తర్వాత

అంకెల పరీక్ష మళ్ళీ పెట్టాం. ప్లగ్గులు పెట్టుకుని 80లో ఇరవై, అరవై తేడా పడింది. యాభై, ఎనభై కూడా. డెబ్భై, తొంభై మాత్రం అప్పుడప్పుడు పొరబాటు వస్తూనే ఉంది. ఘాట్‌లో అవసరమయ్యే మాటలు పొట్టిగా, ముందే అనుకున్నవైతే మేలని చెప్పాను. "ఎడమ", "ఆగు", "లారీ" మూడూ ఒకదానితో ఒకటి కలవవు. వాళ్ళు ఇప్పుడు అవే వాడుతున్నారు.

ఖర్చు ఫోమ్ షీటు, వెల్క్రో, మైకు టోపీలు, ఇయర్‌ప్లగ్గులు, నా కూలి. అన్నీ కలిపినా ఆయన ఆన్‌లైన్ స్పీకర్లకి పెట్టిన దానికన్నా తక్కువే. ఆ 64 ఓంల జతని ఏం చేయమంటావని అడిగారు. వాళ్ళబ్బాయి పాత హెడ్‌ఫోనులో ఒక పక్క పోయిందంటే అందులో అమర్చి ఇచ్చాను, కంప్యూటరుకి పెట్టి వింటున్నాడట.

వర్షాలు వెళ్ళాక మళ్ళీ వచ్చారు. ఈవీఏ గట్టు చెక్కుచెదరలేదు. బనీను గుడ్డ మాత్రం చెమటకి నల్లబడి బిగుసుకుపోయి, ట్రెబుల్ కొంచెం తగ్గింది. గుడ్డ మార్చాను. ఇది రెండు మూడు నెలలకోసారి ఇంట్లోనే మార్చుకోవచ్చు, గట్టుకి జిగురు పెట్టకుండా దారంతో కుట్టింది అందుకే. ఎడమ తీగ చీక్‌ప్యాడ్ గుండీ కింద నలుగుతోంది, దాన్ని ఇంకొంచెం వెనక్కి తిప్పాను. బావమరిది తన హెల్మెట్‌కి కూడా పిండి ముద్ద పెట్టి చూడమని కూచున్నాడు. అతని చెవులు ఇంకా పైకున్నాయి, స్పీకర్లు మూడు సెంటీమీటర్లు జరపాలి. ఆ హెల్మెట్‌లో లైనింగ్ ఊడదు. వెల్క్రో కుట్టడానికి చోటు వెతకాలి, ఆ పని ఇంకా నా బల్ల మీదే ఉంది.